నలభై ఒకటో అభ్యంతరం

బుధవారం కూడా ఆస్గెర్ ఆఫీసుకు వెళ్లలేదు.

రిక్కె మేడ దిగి వంటింట్లోకి వచ్చేసరికి అతను కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వానలో సైకిలు తొక్కేటప్పుడు వేసుకునే ప్యాంటు మాత్రం తలుపు వెనక కొక్కేనికి సోమవారం నుంచీ అలాగే వేలాడుతోంది. కాఫీ కాచి ఫ్లాస్కులో పోసి పెట్టాడు. రై రొట్టె కోసి ఉంచాడు. ఆమెకు ఇష్టమైన జున్ను కూడా బయటికి తీసి పెట్టాడు. ఆమె వంక మాత్రం చూడలేదు.

రొట్టె మీద వెన్న రాసుకుంటూ, "ఇవాళ కూడా రమ్మనలేదా?" అంది రిక్కె.

"రావద్దన్నారు. రెంటికీ తేడా ఉంది."

"ఎప్పటిదాకా?"

"శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అభ్యంతరాల గడువు అయిపోతుంది. అప్పటిదాకా ట్రామ్ ఫైలు నేను ముట్టుకోకూడదు. ఆ తర్వాత ముట్టుకోవచ్చో లేదో వాళ్లు చెప్తారు." కప్పు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. "ఆరేళ్ల పని. ఆస్పత్రి గుట్ట దగ్గర్నుంచి రేవుదాకా ఏ స్తంభం ఎక్కడ పాతాలో కళ్లు మూసుకుని చెప్తాను. ఇప్పుడు నా కంప్యూటర్లో ఆ ఫైలు తెరుచుకోదు."

"నీకు చెప్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు?"

"ఆదివారం."

"ఆదివారం మనం సముద్రం ఒడ్డున గంటన్నర నడిచాం. నువ్వు బాతుల గురించి మాట్లాడావు."

రిక్కె కత్తికి అంటిన వెన్న రొట్టె అంచుకు రాసింది. నిజంగానే బాతుల గురించి మాట్లాడింది.

"సోమవారం మునిసిపాలిటీలో బల్ల చుట్టూ తొమ్మిది మందిమి కూర్చున్నాం," అన్నాడు ఆస్గెర్. గొంతు పెంచలేదు. గొంతు పెంచే మనిషి కాదతను. "వచ్చిన అభ్యంతరాలు ఒక్కొక్కరం ఒక్కొక్కటి చదువుతున్నాం. ముప్పై తొమ్మిది, ఎవరిదో ప్రహరీ కంచె. నలభై, కుక్కల పెంపకందార్ల సంఘం. నలభై ఒకటి నా వంతు వచ్చింది. యూనివర్సిటీ నుంచి, ట్రామ్ అంత దగ్గరగా పోతే వాళ్ల ప్రయోగశాల యంత్రం పనిచెయ్యదని. పైకి చదివాను. కింద ఉన్న పేరు కూడా చదివాను, మిగతా పేర్లు ఎలా చదివానో అలాగే. చదివేశాక ఎవరూ నా మొహం వంక చూడలేదు."

"మా విభాగాధిపతి సెలవులో ఉన్నాడు. ఆ యంత్రానికి బాధ్యురాలిని నేను. నేను కాకపోతే ఎవరు పెడతారు సంతకం?"

"పెట్టొద్దన్నానా? పెట్టిన రోజు ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే ఏం చేసేవాడివి?"

"తెలీదు. ఏదో ఒకటి చేసే వీలుండేది."

పక్కగది తలుపు తెరుచుకుంది. ముందు రెండు ఊతకర్రలు వచ్చాయి, వాటి వెనక ఆస్గెర్ తల్లి బోడిల్ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. తుంటి ఎముక ఆపరేషనై ఆరు వారాలైంది. అప్పట్నుంచీ కొడుకు ఇంట్లోనే, ఆ కింది గదిలోనే ఉంటోంది.

"ఈ గోడలు పల్చన," అందామె కుర్చీలో మెల్లగా కూలబడుతూ. "నేను వినట్లేదని మీరు అనుకోవాలంటే ఇంకాస్త మెల్లగా పోట్లాడుకోవాలి."

"మేం పోట్లాడుకోవట్లేదమ్మా."

"అదే నా బాధ. మీ నాన్నా నేనూ అయితే ఈపాటికి పళ్లేలు రెండు పగిలేవి, అందరం హాయిగా భోంచేసేవాళ్లం." కాఫీ పోసుకుంది. "వారానికి రెండుసార్లు ఈ కాలు పట్టుకుని ఆస్పత్రికి పోవాలి. రెండు బస్సులు మారాలి. ట్రామ్ కావాలన్న మహజరు మీద నేనూ సంతకం పెట్టాను. ఈ ఇంట్లో ఎవరెవరు ఎక్కడ సంతకాలు పెట్టారో అందరికీ తెలియడం మంచిది కదా, అందుకని చెప్తున్నాను."

"మీరు పెట్టడంలో తప్పేముంది అత్తయ్యా," అంది రిక్కె.

"నీది తప్పని నేనన్నానా?"

ఆస్గెర్ భార్య వైపు తిరిగాడు. "పదకొండు వేల మంది, రిక్కె. రోజూ. నీ ప్రయోగశాలలో నలుసంత బంగారం చుక్కల కోసం వాళ్లంతా వానలో నిలబడి బస్సులు మారాలి."

"నలుసంత కాదు. నలుసు చాలా పెద్దది," అంది రిక్కె. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక తోచింది. "అయినా నాలుగేళ్ల కిందట మీరు మాకు చూపించిన దారి ఇది కాదు కదా. అప్పుడు గీత మా భవనానికి దూరంగా ఉంది. అందుకే మేం ఏమీ అనలేదు. ఎందుకు దగ్గరికి జరిపారు?"

ఆస్గెర్ లేచి కప్పు కడిగాడు. తుడిచాడు. అలమరలో పెట్టాడు.

"దారులు మారుతుంటాయి," అని పెరట్లోకి వెళ్లిపోయాడు.

బోడిల్ కొడుకు వెళ్లిన వైపు చాలాసేపు చూసింది.

*

యూనివర్సిటీలో రిక్కె పనిచేసే గదిలోకి వెళ్లాలంటే తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు వేసుకోవాలి, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. లోపలి వెలుతురు పసుపుపచ్చన. అక్కడ పాతికేళ్లుగా యంత్రాల మంచిచెడ్డలు చూస్తున్న ప్రెబెన్‌ని ఆమె నడకను బట్టి గుర్తుపడుతుంది. కుడి పాదం కాస్త ఈడుస్తాడాయన. వచ్చే ఏడాది పదవీ విరమణ.

"మూడు బిళ్లలూ అయిపోయాయి," అన్నాడు. "రా, చూద్దువుగాని."

వాళ్ల పని చెప్పుకోవాలంటే చిన్నదే. గోరంత గాజు బిళ్ల మీద పల్చటి పూత పూస్తారు. ఎలక్ట్రాన్ కిరణంతో ఆ పూతలో వరసగా గుంటలు రాస్తారు. బంగారు రేణువులు కలిసిన నీటిబొట్టును వాటి మీదుగా నెమ్మదిగా ఈడుస్తారు. గుంటకొక రేణువు చొప్పున దిగుతుంది. ఒక్కో రేణువు మీద ఒక్కటంటే ఒక్క ప్రోటీన్ అణువు కూర్చుంటుంది. రెండోదానికి చోటుండదు. గుట్ట మీది ఆస్పత్రి వైద్యులు ఆ బిళ్లల మీద రోగుల రక్తకణాలు వదిలి చూస్తారు. అణువుకూ అణువుకూ మధ్య అరవై నానోమీటర్ల దూరముంటే కణం పట్టు దొరకబుచ్చుకుంటుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే తక్కువ దూరమది. కొంచెం ఎక్కువైతే కణం జారిపోతుంది. ఏ రోగి కణాలు ఎంత దూరంలో జారుతున్నాయో కనిపెట్టడానికే రిక్కె, ప్రెబెన్, ఇద్దరు పరిశోధక విద్యార్థినులు నాలుగేళ్లుగా తంటాలు పడుతున్నారు. అందులో ఒక్క గుంట పక్కకు జరిగినా ఆ బిళ్ల దేనికీ పనికిరాదు.

ట్రామ్ తీగలో కరెంటు పారినప్పుడల్లా చుట్టూ అయస్కాంత క్షేత్రం కదులుతుంది. దానితో పాటు కిరణమూ కదులుతుంది. ఎంత కదులుతుందన్నదే ప్రశ్న. పోయిన వారం ప్రెబెన్ కొలత పెట్టె పట్టుకుని స్టేడియం దగ్గర, ఇప్పటికే నడుస్తున్న ట్రామ్ స్టాపులో ఒక పూట గడిపి వచ్చాడు. ఎవరో ముసలావిడ అతన్ని చూసి టికెట్లు తనిఖీ చేసేవాడనుకుని తన కార్డు తీసి చూపించిందట. అక్కడ నమోదైన క్షేత్రపు మార్పుల్నే ఇప్పుడు యంత్రం చుట్టూ తీగచుట్ట పెట్టి మళ్లీ పుట్టించారు.

మొదటి బొమ్మ తెర మీద పెట్టాడు ప్రెబెన్. ట్రామ్ లేదు. గుంటలు వరసలు వరసలుగా, గుంటకొక తెల్లని చుక్క.

తర్వాతిది పెట్టాడు. "ఇది నలభై అయిదు మీటర్లు. వాళ్లు ఇప్పుడు వెయ్యబోయే దారి."

రెండో బొమ్మలో కొంత దూరం వరస బాగానే నడిచింది. ఆ తర్వాత గుంటలు సాగిపోయాయి. కొన్నింట్లో రెండేసి చుక్కలు, కొన్నింట్లో ఏమీ లేవు.

"స్టాపులోంచి బండి కదిలిన ప్రతిసారీ ఇంతే," అన్నాడు ప్రెబెన్. "అయిదు నిమిషాలకొకటి. వాళ్ల సమయపట్టిక మన బిళ్ల మీద అచ్చుగుద్దినట్టు ఉంది చూడు."

"మూడోది?"

"నూటపది మీటర్లు. మనం కూడా ఆ క్షేత్రాన్ని రద్దుచేసే ఎదురు తీగచుట్ట పెట్టుకుంటే."

మూడో బొమ్మ మొదటిదాన్లాగే ఉంది. రిక్కె కళ్లు చికిలించి అంచు నుంచి అంచుకు చూసింది. ఒక్క చుక్క కూడా తప్పిపోలేదు. కొత్త దారి సంగతి తెలిసిన మూడు వారాల్లో మొదటిసారి ఆమె గుండె తేలికపడింది.

"అయితే దారి అరవై అయిదు మీటర్లు పడమటికి జరిగితే చాలు. మన అభ్యంతరానికి తోడుగా అదే రాసి పంపుదాం. నూటపది."

"నూటపది," అన్నాడు ప్రెబెన్. "ఈ అంకె నేనెక్కడో చూశాను."

తొడుగులు విప్పి బయట గదిలోకి వచ్చాక ఆయన తన అలమరలోంచి ఒక ఫైలు లాగాడు. కాగితమనేది పారేయడం తెలియని మనిషి. నాలుగేళ్ల కిందట మునిసిపాలిటీ పంపిన పటం అది. ఆకుపచ్చ గీత, దాని పక్కన దూరం. నూటపది మీటర్లు.

"చూశావా. అప్పుడు దీనికే మనం అభ్యంతరం లేదని రాశాం."

రిక్కె కంప్యూటర్లో మునిసిపాలిటీ కొత్త నివేదిక తెరిచి వెతికింది. రెండు వందల పన్నెండో పేజీలో దొరికింది. పడమటి దారి: నేల మెత్తన, బరువు మోయదు, తిరస్కరించడమైనది.

"మెత్తనా?" అన్నాడు ప్రెబెన్. "ఎవరు చెప్పారు? మన భవనం మొదట ఆవరణ కంచెకు అవతలే కట్టాలనుకున్నారు. నేల పరీక్షకి మూడు చోట్ల బోర్లు వేశారు, నేను దగ్గరుండి చూశాను. గట్టి బంకమట్టి, రాళ్లు. బోరు మొన రెండుసార్లు విరిగింది. ఆ కాగితాలూ ఉన్నాయి నా దగ్గర." కళ్లద్దాలు సవరించుకుని తెర మీదికి వంగాడు. "ఎవడు రాశాడీ ముక్క..."

అడుగున పేరు ఉంది. ఆస్గెర్ స్కౌబో.

ప్రెబెన్ నిటారుగా లేచి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు కిటికీలోంచి సైకిళ్ల స్టాండు వైపు చూశాడు.

"కాఫీ తాగుతావా?" అన్నాడు.

"వద్దండీ."

"ఉత్తరం నువ్వే రాస్తావా, నన్ను రాయమంటావా?"

"నేనే రాస్తాను."

ఆయన వెళ్లాక రిక్కె ఆ పాత పటాన్ని దగ్గరికి లాక్కుంది. ఆకుపచ్చ గీత కంచె దాటి ఊరివాళ్ల తోటల్లోకి వెళ్లింది. చిన్న చిన్న చతురస్రాలు, వాటికి నంబర్లు. మునిసిపాలిటీ నేల అది, ఏళ్లకేళ్లు కౌలుకిస్తారు. మనుషులు అక్కడ చెక్క గది కట్టుకుని మొక్కలు పెంచుకుంటారు. గీత మూడో వరసలో ఇరవై ఏడో నంబరు మీదుగా పోతోంది.

ఇరవై ఏడు బోడిల్‌ది. మామగారు విల్లాడ్స్ తన చేతులతో కట్టిన నీలం రంగు గది ఉందక్కడ.

తల్లి తోట కోసం ఆస్గెర్ నివేదికలో అబద్ధం రాశాడు. అలా అనుకోవడం తేలికే, నమ్మడమే కష్టంగా ఉంది. కాంట్రాక్టరు క్రిస్మస్‌కి పంపిన వైన్ సీసాని క్షమించమని ఉత్తరం రాసి మరీ తిప్పి పంపిన మనిషి అతను.

ఉత్తరంలో నూటపది అని రాస్తే ఎవరైనా పాత పటం తీస్తారు. తీస్తే ఆ దారి ఎందుకు కొట్టేశారని అడుగుతారు. అడిగితే రెండు వందల పన్నెండో పేజీ చూస్తారు. రాయకపోతే యంత్రం పోతుంది, దానితో పాటు నాలుగేళ్ల పనీ పోతుంది.

ఆమె ఉత్తరం రాసింది. అంకె కూడా వేసింది. అడుగున సంతకం మాత్రం పెట్టలేదు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆస్గెర్ మాంసం ముద్దలు వేయించి, బంగాళదుంపలు ఉడికించి, ఎర్ర క్యాబేజీ వేడిచేసి ఉంచాడు. పగలంతా ఊరికే ఉండలేక చూరు గొట్టాల్లో ఆకులు తీసేశాడు. స్నానాలగది తలుపు కిర్రుమనకుండా చేశాడు.

"వీణ్ని ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉంచితే పైకప్పు విప్పి మళ్లీ వేస్తాడు," అంది బోడిల్.

ఎవరూ నవ్వలేదు.

"పరీక్ష చేశారా?" అన్నాడు ఆస్గెర్ పళ్లెంలోకి చూస్తూ.

"చేశాం."

"ఏమొచ్చింది?"

"ఇంకా చూస్తున్నాం," అంది రిక్కె.

అతను తలూపాడు. ఆ మాట నమ్మినట్టే ఉన్నాడు. ఆమె పళ్లెంలో బంగాళదుంపను ఫోర్కుతో చిదిమింది.

*

గురువారం మూడు గంటలకే ఆమె ఇంటికి వచ్చేసింది. తల్లిని ఆస్పత్రిలో వ్యాయామానికి దింపి తీసుకొచ్చి ఆస్గెర్ అప్పుడే కాఫీ కాచాడు. బల్ల మీద దాల్చినచెక్క రొట్టెలున్నాయి. రిక్కె కోటు విప్పకుండానే ఆ పళ్లెం పక్కకు జరిపి రెండు పటాలు పరిచింది.

"నూటపది మీటర్లు చాలు," అంది. "ట్రామ్ అంత దూరంలో వెళ్తే మాకు ఇబ్బంది లేదు. నువ్వు మొదట గీసిన దారే."

ఆస్గెర్ పటం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి లేదు.

"ఆ నేల మెత్తన."

"ఆ నేల గట్టిది. బోర్ల కాగితాలు ప్రెబెన్ దగ్గరున్నాయి."

బయట ఎవరిదో సైకిలు గంట మోగింది. అదీ దూరమైపోయింది.

"ఎవరికి చెప్పావు?" అన్నాడు.

"ప్రెబెన్‌కి తెలుసు, ఆయన నోరు విప్పడు. ముందు నీకే చెప్తున్నాను. సోమవారం నుంచి ఆ మాత్రం నేర్చుకున్నాను."

"నా కళ్లద్దాలు ఇటివ్వండి," అంది బోడిల్. ఎవరూ కదలకపోతే తనే చెయ్యి చాచి అందుకుంది. వేలితో ఆకుపచ్చ గీత వెంబడి నెమ్మదిగా వెళ్లింది. ఒకచోట వేలు ఆగింది. "ఇది మన తోట."

"అవునత్తయ్యా."

"ఆస్గెర్. దీన్ని తప్పించడానికా నువ్వు నేల మెత్తనని రాశావు?"

అతను పటం అంచు మడత సరిచేశాడు.

"నేనడిగానా నిన్ను?"

"లేదు."

"మరి ఎందుకు రాశావు?"

రిక్కె కోటు విప్పి కుర్చీకి తగిలించి అతని ఎదురుగా కూర్చుంది. "ఒక చెక్క గది కోసం అబద్ధం రాసే మనిషివి కాదు నువ్వు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. నిన్నటి నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. ఏముందక్కడ?"

ఆస్గెర్ తల్లి వైపు చూశాడు. బోడిల్ కళ్లద్దాలు తీసి పటం మీద పెట్టింది.

"చెప్పెయ్యి," అంది.

"నువ్వే చెప్పమ్మా."

"మీ మామయ్య ఉన్నాడక్కడ," అంది బోడిల్.

రిక్కెకు వెంటనే అర్థం కాలేదు. "మామయ్యగారి బూడిద సముద్రంలో కలిపారు కదా."

"కలిపామని చెప్పాం."

"నువ్వప్పుడు గ్రెనోబుల్‌లో ఉన్నావు, మీటింగుకి వెళ్లి," అన్నాడు ఆస్గెర్. "పడవ మాట్లాడుకున్నాం. సముద్రంలో కలుపుతామని కాగితం కూడా రాసిచ్చాం. పడవ ఎక్కలేదు."

"ఆయనకి సముద్రమంటే పడదు," అంది బోడిల్. "నలభై ఏళ్లు ఓడ ఇంజను గదిలో పనిచేశాడు. రోజూ వాంతులే. అక్కడ కలపడానికి నాకు మనసు రాలేదు. శ్మశానంలో చూద్దామంటే ఖాళీ ఆయన తమ్ముడి పక్కనే ఉంది. ఆ తమ్ముడితో పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. చచ్చాక మాట్లాడుకోమని ఎలా పడుకోబెట్టను? తోటలో అయితే ఆయనకి ఇష్టం. మునిసిపాలిటీ నేలలో అలా చెయ్యకూడదని తెలుసు. వాడూ నేనూ వెళ్లి పెట్టి వచ్చాం."

"తొమ్మిదేళ్లు," అంది రిక్కె.

బోడిల్ పటం మీది కళ్లద్దాలు మడిచింది.

"ప్రతి ఏడూ ఆయన పుట్టినరోజున మనం ముగ్గురం రేవుకి వెళ్లాం. నీళ్లలో పూలు వేశాం. మీరిద్దరూ నా పక్కనే నిలబడ్డారు. ఒకసారి నేను ఏడ్చాను కూడా."

"పూలు బాగానే తేలాయి," అంది బోడిల్ మెల్లగా. అన్నాక తల దించుకుంది. "నీకు చెప్పాల్సింది అమ్మాయ్. నువ్వేమైనా అంటావని కాదు. చెప్తే నువ్వు కూడా దాచాల్సి వచ్చేది."

"రేవు దగ్గర ప్రతిసారీ చెప్దామనుకునేవాణ్ని," అన్నాడు ఆస్గెర్. "నువ్వు పూలు వేసే తీరు చూశాక నోరు పెగిలేది కాదు. ఆ తర్వాత దారి గీయాల్సి వచ్చింది. పడమటి వైపు ఏ రకంగా గీసినా గీత ఆ తోట మీదికే వచ్చింది. తుది నివేదికలో నాన్న మీదుగా పట్టాలు వెయ్యమని నా చేత్తో రాయలేకపోయాను. వేరే కారణం దొరకలేదు, మెత్తన అని రాశాను."

రిక్కె లేచి వెళ్లి కుళాయి దగ్గర నిలబడింది. గ్లాసులో నీళ్లు పట్టింది గాని తాగలేదు. కోపం వస్తుందనుకుంది. వచ్చింది కూడా. దానితో పాటు విల్లాడ్స్ తమ్ముడి పక్కన మొహం ముడుచుకుని పడుకోవడం తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆ రెండూ ఒకేసారి రావడం ఆమెకు చిరాకుగా ఉంది.

"నీ ఉత్తరం పంపు," అన్నాడు ఆస్గెర్ ఆమె వీపు వైపు చూస్తూ. "రెండో కాగితం నేను రాస్తాను. ఆ ముక్క రాసింది నేనే, అది నిజం కాదు అని."

"నీ ఉద్యోగం?"

"వాళ్లేం చెయ్యాలో వాళ్లు చేస్తారు."

"ఎందుకు రాశావని అడుగుతారు."

"అమ్మ తోట అని చెప్తాను. అదీ నిజమే."

"సగం," అంది రిక్కె.

"సగమే చెప్పగలను. మిగతా సగం అమ్మది."

బోడిల్ పటం మీద చేతులు ఆనించి ఆలోచిస్తోంది. "పట్టాలు వేస్తే తవ్వుతారా?"

"ఒకటిన్నర మీటరు లోతు తవ్వుతారమ్మా. దానికంటే ముందు నేల పరీక్ష చేస్తారు. రేపు రిక్కె ఉత్తరం అందితే సోమవారానికే మనుషుల్ని పంపుతారు."

"అయితే శనివారం ఆయన్ని అక్కణ్నుంచి తీసుకొచ్చేద్దాం. పట్టపగలు. తోటలో గడ్డపార పట్టుకున్నవాణ్ని ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

అంత మామూలుగా అందామె, దుంపలు తవ్వే మాటలాగా. రిక్కె వెనక్కి వచ్చి కూర్చుంది. పెన్సిలు తీసింది.

"ఎక్కడ పెట్టారో చూపించండి."

బోడిల్ వేలు గది వెనక, నీళ్ల పీపా ఉండే మూల మీద ఆనింది. అదే క్షణంలో ఆస్గెర్ వేలు గేటు పక్కన ఆనింది.

"కాదమ్మా. ఇక్కడ, ఆపిల్ చెట్టు కింద."

"ఆపిల్ చెట్టు మరుసటేడు కదరా నాటింది."

"గుర్తు కోసమే నాటాం."

"గుర్తు కోసం నాటింది గూస్‌బెర్రీ మొక్క. అది చచ్చిపోయింది."

"తవ్వింది నేనమ్మా."

"గొడుగు పట్టింది నేను. ఆ వానలో నీకు నీ చెప్పులే కనబడలేదు."

ఇద్దరూ వేళ్లు తియ్యలేదు. రిక్కె ఆ వేళ్ల మధ్య దూరం చూసింది. కాగితం మీద రెండు సెంటీమీటర్లు. నేల మీద పది మీటర్లు.

"సరే, రెండు చోట్లా తవ్వుదాం," అంది. "పాత్ర దొరికితే తెలిసిపోతుంది. దేంతో చేసింది? రాగిదా, మట్టిదా?"

తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు.

"సముద్రంలో కలపడానికని ఇచ్చినది కదా," అన్నాడు ఆస్గెర్ నెమ్మదిగా. "నీళ్లు తగిలితే కరిగిపోయే రకం. అట్టలాంటిది."

తొమ్మిదేళ్ల వానలు. రిక్కె పెన్సిలు పటం మీద పెట్టేసింది.

బోడిల్ ఆమె చెయ్యి పట్టుకుంది. ముసలావిడ వేళ్లు చల్లగా ఉన్నాయి. మొదటిసారి ఆమె గొంతులో ఆ వెటకారం లేదు.

"అమ్మాయ్, కంటికి కనబడని వాటిని ఒక్కొక్కటిగా చూస్తావు కదా నువ్వు. ఇంత మట్టి తెచ్చిస్తే అందులో ఆయన ఉన్నాడో లేడో చెప్పగలవా?"

ఎముకల బూడిదలో ఏముంటుందో రిక్కెకు తెలుసు. మట్టిలో దాన్ని పట్టుకునే యంత్రం ఏ గదిలో ఉందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలుసు. సోమవారం వరకు టైము చాలుతుందో లేదో తెలీదు. యూనివర్సిటీ యంత్రం మీద అలాంటి పని చేస్తే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు.

"ముందు మట్టి చూడాలి అత్తయ్యా," అంది.

ఆస్గెర్ గోడ గడియారం వైపు చూశాడు. "మరి ఉత్తరం? రేపు పన్నెండు లోపు వెళ్లాలి. అది వెళ్తే సోమవారం వాళ్లు వస్తారు."

రిక్కె సంచిలోంచి ఉత్తరం తీసింది. పటం మీద, వాళ్లిద్దరి వేళ్లకు మధ్య పెట్టింది. నూటపది అన్న అంకె కింద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"శనివారం మీ ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేలకపోతే?" అంది.

తల్లీ కొడుకుల వేళ్లు ఉత్తరానికి చెరో పక్కన ఉన్నచోటే ఉన్నాయి.